అక్క కట్టించుకున్న బంగారు పన్ను

మా అక్క పంటి వల్ల చనిపోయిందని నాకు తెలిసేసరికి ఆమె పోయి ఏళ్ళు గడిచాయి. అప్పటిదాకా మా ఇంట్లో అందరం జ్వరంతో పోయిందనే అనుకునేవాళ్ళం. ఎవరైనా అడిగితే అమ్మ "విషజ్వరం" అనేది. నాయన ఆ మాట కూడా అనేవాడు కాదు. లేచి బయటికి పోయేవాడు.

మాది పెనుకొండ. నాయన హిందూపురంలో ముడి పట్టు కొని, రైల్లో ధర్మవరం తీసుకుపోయి మగ్గాల వాళ్ళకు వేసేవాడు. అట్లా తిరుగుతూ తిరుగుతూ ధర్మవరంలో ఒక నేతగాడి చేతిపని చూసి ముచ్చటపడి అక్కను అతనికిచ్చాడు. బావ మంచి పొడగరి. మగ్గం గుంతలోకి దిగేటప్పుడు నడుము బాగా వంచాల్సి వచ్చేది. నేస్తూ సన్నగా పాడుకునేవాడు. అక్క పక్కన కూర్చుని కండెలు చుట్టేది. తెగిన పోగును ముడివేసి, మిగిలిన కొసను పంటితో పుటుక్కున కొరికేసేది. కత్తెర చేతికందే దూరంలోనే ఉన్నా పంటితోనే. మగ్గం ఇళ్ళల్లో అందరికీ అదే అలవాటు.

యాభైల్లో మా వైపు బంగారు పన్ను కట్టించుకోవడం ఒక సోకు. పన్ను పుచ్చి ఉండాలని లేదు. గట్టి పన్నునే ఆకురాయితో అరగదీసి, దాని మీద బంగారు రంగు రేకును టోపీలాగా తొడిగేవాళ్ళు. నవ్వితే మెరవాలి, అంతే. హిందూపురం సంతలో ఒకాయన గొడుగు కింద కుర్చీ వేసుకుని ఆ పని చేసేవాడు. ఆయన వెనక ఒక గుడ్డ వేలాడేది. దాని మీద ఎర్రటి చిగుళ్ళతో పెద్ద పెద్ద పళ్ళ బొమ్మ ఉండేది.

బావ ఒక పెళ్ళిచీర నేసి, దానికి షావుకారు దగ్గర మంచి పేరు తెచ్చుకున్న సంతోషంలో అక్కను హిందూపురం తీసుకుపోయాడు. ఇద్దరూ ఒకే తీరుగా పై కోరపన్నుకు తొడుగు వేయించుకున్నారు. వచ్చేటప్పుడు పెనుకొండలో దిగి మా ఇంటికి వచ్చారు. అక్క మొదట కొంగు అడ్డం పెట్టుకుంది. "నవ్వక్కా, నవ్వు" అని నేను వెంటపడితే చెయ్యి తీసేసి నవ్వింది. అంత నిండుగా ఆమె నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

కొన్ని నెలలకు ఆమె పక్కకు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టింది. అమ్మ అడిగితే "ఏం లేదుమా, పంట్లో రవ్వంత సలుపు" అంది. లవంగ నూనె పెట్టుకుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది. సలుపు తగ్గింది. తగ్గడమంటే లోపల పన్ను చచ్చిపోవడమని మాలో ఎవరికి తెలుసు?

ఎండాకాలంలో ధర్మవరం నుంచి మనిషి వచ్చాడు. మేం పోయేసరికి అక్క ముఖం ఒకవైపు పొంగి, కన్ను మూసుకుపోయి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. అమ్మవారు పోసిందని బావ వాళ్ళమ్మ వేపాకులు పరిచింది. నాయన ఒప్పుకోలేదు. బస్సులో అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. దారిలో రెండో కన్ను కూడా వాచింది. సూదులు వేశారు. డాక్టరు మమ్మల్ని బయట కూర్చోమన్నాడు. మళ్ళీ లోపలికి పోతే, మాట్లాడుతూ మాట్లాడుతూనే అక్క ఎవరు ఎవరో గుర్తుపట్టలేకపోయింది. నన్ను చూసి బావ పేరుతో పిలిచింది. మర్నాడు పోయింది.

శవాన్ని ధర్మవరం తెచ్చాక, నోట్లో బంగారం పెట్టాలని ఎవరో అన్నారు. వీధిలో ఒక ముసలామె, "నోట్లో ఉండనే ఉండాది గదా బంగారం, మళ్ళా ఏంటికి?" అంది. ఇంకేమీ పెట్టకుండా అట్లనే తీసుకుపోయారు.

నేను పళ్ళ డాక్టరు చదవడానికి అక్క కారణమని చాలామంది అనుకుంటారు. కాదు. డాక్టరు చదువుకు దరఖాస్తు పెడితే అది రాలేదు, ఇది వచ్చింది. బెంగుళూరులో చేరాను. అప్పటికి అరవైల్లోకి వచ్చాం. మాకు పాఠం చెప్పే ప్రొఫెసరు కన్నడిగుడు. పొట్టిగా, ఎప్పుడూ తెల్లకోటు జేబులో సుద్దముక్క పెట్టుకుని తిరిగేవాడు. ఒకరోజు పై కోరపన్ను గురించి చెబుతూ బోర్డు మీద ముఖం బొమ్మ గీశాడు. పంటి వేరు కొస నుంచి ముక్కు పక్కగా, కంటి మూలకు, అక్కడి నుంచి మెదడు కిందికి ఒక గీత లాగాడు. అక్కడ చీము చేరితే అది ఈ రక్తనాళం వెంబడి పైకి పోగలదు, ముందు ఒక కన్ను వాస్తుంది, తర్వాత రెండోది, తర్వాత మనిషికి తెలివి తప్పుతుంది అన్నాడు. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. నేను రాయలేకపోయాను. ఆ సుద్దగీత అక్క ముఖం మీద గీసినట్టే కనిపించింది.

క్లాసు అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చి, "ఎవరికైంది?" అని అడిగాడు. "మా అక్కకు" అన్నాను. ఆయన నా పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. గది ఖాళీ అయ్యేదాకా అక్కడే ఉన్నాడు. తర్వాత కోటు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆయన మాకు ఇంకొక పాఠం కూడా చెప్పేవాడు. అది ఏ పుస్తకంలోనూ లేదు, పరీక్షలోనూ రాదు. మధ్యాహ్నం రోగులు వెళ్ళిపోయాక ఒక విద్యార్థిని రోగి కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకొకరిని డాక్టరుగా నిలబెట్టి, చెడ్డ కబురు చెప్పమనేవాడు. నోట్లో పుండు కేన్సరని చెప్పాలి, పళ్ళన్నీ తీసేయాలని చెప్పాలి, నీ బిడ్డకు దవడ విరిగిందని చెప్పాలి. అదీ ఇంగ్లీషులో కాదు, ఎవరి భాషలో వాళ్ళు. నా వంతు వచ్చినప్పుడు గుంటూరు వైపు అబ్బాయి రోగి అయ్యాడు. నేను వార్తలు చదివినట్టు గ్రాంథికంగా ఏదో చెప్పాను. ప్రొఫెసరుకు తెలుగు బాగానే అర్థమయ్యేది. "మీ ఇంట్లో ఇట్లనే మాట్లాడతారా?" అన్నాడు. లేదన్నాను. "అయితే మీ ఇంట్లో వాళ్ళకు చెప్పినట్టు చెప్పు" అన్నాడు. "అన్నా, నీ నోట్లో ఉండే పుండు..." అని మొదలుపెట్టాను. ఇంగ్లీషులో అయితే గడగడా చెప్పగలను. పెనుకొండ మాటల్లో ఆ కబురు చెప్పడానికి నా నోరు రాలేదు. మిగతావాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "రేపు మళ్ళా" అన్నాడు. చాలాసార్లు చెప్పించాడు. మెల్లగా వచ్చింది.

ఆ రోజుల్లో ఆయన పంటి తొడుగుల మీద పరిశోధన చేస్తున్నాడు. సంతల్లో వేసే రేకు తొడుగులు, కొత్తగా వస్తున్న పంటి రంగు ప్లాస్టిక్ తొడుగులు, కాలేజీలో అచ్చు పోసి చేసే అసలు బంగారు తొడుగులు. ఏది చిగురును ఏం చేస్తుంది, ఏది ఎన్నాళ్ళు నిలుస్తుంది అనేది ఆయన చూడదలచుకున్నది. రోగుల నోళ్ళ నుంచి తీసిన రేకు తొడుగులు గాజుసీసాల్లో ఉండేవి. వాటిని పరీక్షించే పని నాకిచ్చాడు. ఒక్కొక్కదాన్ని గీకి, పైపూత పోయిన చోట కంసాలులు వాడే ఆసిడ్ చుక్క వేయాలి. బంగారమైతే చలించదు. వేసిన ప్రతిదీ ఆకుపచ్చగా పొంగింది. ఇత్తడి. పైన బంగారం పూత, అది కూడా ఊపిరంత పలుచన. ధర్మవరంలో ఆ ముసలామె అన్న మాట నా చెవుల్లో మోగింది. ఆ సాయంత్రం హాస్టలుకు పోయి అన్నం ముట్టలేదు.

చదువు చివరి ఏడాదిలో ఆయన మమ్మల్ని ఊళ్ళకు పంపాడు. తొడుగులు వేయించుకున్నవాళ్ళ నోళ్ళు చూసి, ఒప్పుకున్నవాళ్ళవి తీసి, వాటికి బదులు ప్లాస్టిక్ తొడుగు వేసి, తర్వాత ఎట్లా ఉందో చూడాలి. నా వైపు ఊళ్ళు నాకే ఇచ్చాడు. నాతో ఇంకొక విద్యార్థి వచ్చాడు.

మొదట హిందూపురం సంతకు పోయాం. గొడుగు, బొమ్మగుడ్డ, కుర్చీ అక్కడే ఉన్నాయి. మనిషి ముసలివాడయ్యాడు. మేం ఎవరమో చెప్పగానే లేచి తన కుర్చీ మాకిచ్చాడు. రేకులు చూపించాడు, ఆకురాళ్ళు చూపించాడు. తండ్రి దగ్గర నేర్చుకున్నానన్నాడు.

"తొడుగు వేసినాక నొప్పులని ఎవరన్నా వస్తారా?" అని నా తోటి విద్యార్థి అడిగాడు.

"ఎవరూ రారు సార్. ఇన్నేండ్ల నుంచీ చేస్తాండా, ఒక్కరన్నా మళ్ళా వచ్చి మాట అనిండ్లేదు. మనది అంత మంచి చెయ్యి" అన్నాడు.

ఆ ముఖంలో ఏ మోసమూ లేదు. ఆయన నోట్లోనూ రెండు తొడుగులున్నాయి. ఆ మాట ఆయన పూర్తిగా నమ్మే అన్నాడు. నా తోటివాడు, ఇత్తడి కింద గట్టి పన్ను కూడా ఎట్లా కుళ్ళుతుందో చెప్పబోయాడు. ఆయన తలాడిస్తూ విని, "మీరు పెద్ద చదువులు చదివినోళ్ళు" అన్నాడు. మేం ఇవతలికి వచ్చేలోపల కుర్చీలో ఇంకొక పడుచుపిల్ల కూర్చుంది.

ధర్మవరంలో మగ్గాల వీధి తిరిగాం. తలుపుల, నంబులపూలకుంట లాంటి ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ నోళ్ళల్లో కూడా అవే రేకులు. చిగుళ్ళు నల్లబడి, వేలితో నొక్కితే చీము. తీయించుకోమంటే ఎవరూ ఒప్పుకోలేదు. "పెండ్లినాటిది సార్", "మా ఆయన కట్టించింది", "తీస్తే బోసినోరు ఐతాది". ప్రొఫెసరు నేర్పినట్టు కూర్చుని, వాళ్ళ మాటల్లోనే నిదానంగా చెప్పాను. విన్నారు. మజ్జిగ ఇచ్చారు. పంపించేశారు.

బావ ఇంటికి చివరన పోయాను. అక్క పోయాక ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళమ్మ, ఆయన, ఒక మగ్గం. పాడడం మానేశాడు. నన్ను చూసి గుంతలోంచి లేచాడు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. ఆ చేతి వెనక నుంచి వాసన నాకు తెలుస్తూనే ఉంది.

"ఏమప్పా డాక్టరూ, ఈదంతా నోర్లు సూస్తాండావంట. నాది సూడవా?"

వెలుతురులోకి రమ్మని కూర్చోబెట్టి చూశాను. తొడుగు అంచు చిగురులోకి దిగిపోయింది. పైన చీముపొక్కు. తీసెయ్యాలన్నాను. ఆయన వాకిలి వైపు చూశాడు. వాళ్ళమ్మ నీళ్ళకు పోయింది. ఇంట్లో ఇద్దరమే.

"ఒగ మాట అడుగుతా. ఉండేది ఉన్నెట్ల చెప్పు" అన్నాడు. "మీ అక్క సచ్చింది దీంతోనేనా?"

కాలేజీలో అన్నిసార్లు రోగి కుర్చీ ముందు నిలబడి నేర్చుకున్నది ఆ క్షణానికే అనిపించింది. అబద్ధం నోటిదాకా వచ్చింది. జ్వరమని మా ఇంట్లో అందరం చెప్పుకునే మాటే చెబితే అయిపోయేది. కానీ ఆయన కళ్ళు నా ముఖం మీద ఉన్నాయి. నేను కిందికి జరిగి ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"అవును బావా. ఆ పంట్లో చీము పట్టి, కంటికి, తలకు ఎక్కింది. మనకెవరికీ తెలీదు అప్పుడు. ఆ కట్టినాయనకూ తెలీదు."

ఆయన ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. మగ్గం మీద సగం నేసిన చీర వైపు చూస్తూ మాట్లాడాడు.

"నాకు తెల్సురా. ఆమె నోరు వాసన వస్తాండె. పక్కన పండుకుంటే నేను ఆ పక్కకు తిరుగుకుంటాంటి. ఒగ దినం ఆమె అడిగింది, 'ఇది పీకిచ్చేద్దామా' అని. 'నాది ఉండంగ నీది పీకితే ఏం బాగుంటాది, జత పోతాది' అన్న్యా. నవ్వులాటకే అన్న్యా. ఆమె మళ్ళా అడగల్యా."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆయన తీసెయ్యలేదు, అట్లని ఒరగనూ లేదు. చెట్టు మొద్దు మీద వేసినట్టే ఉంది.

"తీసేయ్" అన్నాడు.

అక్కడే తీశాను. కింద పన్ను నల్లటి పుల్లముక్క అయిపోయి ఉంది. దాన్ని కూడా తీయాల్సి వచ్చింది. పక్కపళ్ళకు పట్టుకునేలా ఒక ప్లాస్టిక్ పన్ను తయారుచేసి, ఇంకొకసారి వచ్చినప్పుడు పెట్టాను. అది ఎక్కువకాలం నిలవలేదు. పట్టుపోగు కొరికి కొరికి దాని కొసలో కోసినట్టు గాడి పడింది. పట్టు అంత మెత్తన, అది పంటిని కోస్తుందని ఎవరనుకుంటారు? నేత పనివాళ్ళకు ఈ రకం తొడుగు పనికిరాదని ప్రొఫెసరు దాన్ని చూసి రాసుకున్నాడు. ఇంకొకటి చేస్తానంటే బావ వద్దన్నాడు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది. నేను బెంగుళూరు వెళ్ళిపోయాక బావ వీధిలో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. బంగారు పన్ను ఎక్కడ మెరిస్తే అక్కడికి పోయి, తన ఖాళీ చూపించి, "దీంతోనే నా పెండ్లాము సచ్చింది. నేనే కట్టిపిస్తి. పీకిచ్చుకో" అని చెప్పేవాడట. మెత్తగా కాదు. గుమ్మంలో నిలబడి, వీధంతా వినేటట్టు. పెళ్ళిళ్ళలో కూడా. మళ్ళీ మేం పోయినప్పుడు, అంతకుముందు మజ్జిగ ఇచ్చి పంపిన ఇళ్ళవాళ్ళు తమంతట తామే వచ్చి కూర్చున్నారు. సీసాలు నిండాయి. ప్రొఫెసరు సంతోషపడ్డాడు. నేను ఆయనకు బావ సంగతి చెప్పాను. ఆయన సీసా కింద పెట్టేసి, "అతన్ని ఆపు" అన్నాడు.

ఆపడానికి పోయాను. "చాలు బావా, అందరికీ తెలిసింది" అన్నాను.

"తెలియనోళ్ళు ఉండారు ఇంగా" అన్నాడు.

అప్పటికే వీధిలో ఆయనకు 'పెండ్లాన్ని సంపుకున్నోడు' అని పేరు పడింది. పిల్లలు వెనక నుంచి అరిచేవాళ్ళు. ఆయన తిరిగి చూసేవాడు కాదు, అది నిజమే అన్నట్టు. పెళ్ళిచీరలు ఆయన చేత నేయించడానికి షావుకార్లు వెనకాడారు. వాళ్ళమ్మ నాతో మాట్లాడడం మానేసింది. ఒకరోజు గడపలో నన్ను ఆపి, "సచ్చినదాన్ని మళ్ళా సంపి, బతికినోన్ని గూడా సంపితివి గదప్పా" అంది.

విషయం పెనుకొండకు కూడా చేరింది. అమ్మ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. నాయన ఏడవలేదు. ధర్మవరం పోవడం మానేశాడు. పట్టు వేసేది ఇంకొకరికి అప్పజెప్పాడు. నాతో అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు.

నాకు హిందూపురం ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చేసరికి బావ వాళ్ళమ్మ పోయింది. బావ మగ్గం అమ్మేసి హిందూపురం వచ్చి, పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే షెడ్డులో చేరాడు. వేడినీళ్ళలో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు తెల్లగా నానిపోయి ఉండేవి. సెలవు దొరికినప్పుడు ఆసుపత్రి వరండాలో వచ్చి కూర్చునేవాడు. ఎవరన్నా ఎవరు నువ్వని అడిగితే, "డాక్టరుకు బావను" అనేవాడు. నేను రోగులతో మాట్లాడుతుంటే తలవంచుకుని వినేవాడు. భోజనానికి రమ్మంటే ఒక్కోసారి వచ్చేవాడు. అక్క మాట ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తలేదు.

ఒక చలికాలం చాలాకాలం రాలేదు. షెడ్డు దగ్గరికి పోతే దగ్గుతో పడుకున్నాడని చెప్పారు. గదిలో చాపమీద ఉన్నాడు. ఊపిరితిత్తుల నిండా నీరు. ఆసుపత్రిలో చేర్పించాను. మందులిచ్చారు. మింగమంటే మింగేవాడు, తిండి మాత్రం ముట్టేవాడు కాదు. "నోరు బాగలేదు" అనేవాడు. నోరు చూశాను. ఏ జబ్బూ లేదు. ఆ మాట ఆయనకు చెప్పినా ప్రయోజనం లేదని తెలిసి చెప్పలేదు. పక్కన కూర్చున్నాను. వారం తిరక్కుండానే పోయాడు.

కబురు పంపితే నాయన పెనుకొండ నుంచి పాసింజరులో వచ్చాడు. వస్తాడనుకోలేదు. చేయవలసినవాళ్ళు వేరే ఎవరూ లేరు, నాయనే ముందు నడిచాడు. అంతా అయ్యాక స్టేషనులో బెంచీ మీద కూర్చున్నాం. నాయన కాళ్ళకు దుమ్ము, తడిపంచె. పట్టాల వైపు చూస్తున్నాడు.

"నువ్వు ఆ పొద్దు చెప్పకుండా ఉంటే బతికుండునేమో" అన్నాడు.

కోపంగా అనలేదు. నన్ను అడిగినట్టే అన్నాడు. ప్రొఫెసరు నేర్పినవన్నీ గుర్తు చేసుకున్నాను.

"ఏమో నాయనా" అన్నాను.

నాయన తలాడించి, తువ్వాలు పిండి భుజాన వేసుకున్నాడు. బండి వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాం.